రేగుచెట్టు ఎందుకు పట్టుకుంటుంది

ఒకప్పుడు రేగుచెట్టుకి ముళ్లుండేవి కావు. నిజం. కొమ్మలు నున్నగా ఉండేవి. పిల్లలు ఎక్కి, దిగి, ఊగి నానా అల్లరి చేసినా ఒంటిమీద ఒక్క గీత పడేది కాదు. పళ్లు కూడా ఇప్పటిలా చలికాలంలో పండేవి కావు. దసరాకి పండి, దీపావళి వెళ్లేసరికి రాలిపోయేవి.

ముల్లు గుచ్చుకున్నప్పుడల్లా ఆ చెట్టుని నోటికొచ్చినట్టు తిడతారు చూడండి, వాళ్లకి ఈ సంగతి తెలియదు. చిన్నప్పుడు నాకూ తెలియదు. నేనూ తిట్టాను. ఇప్పుడు మీకు చెప్తాను, కుదురుగా కూచోండి. కథ చివర బాగుండదు. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ననకండి.

గుట్ట కింద ఒక పల్లె ఉండేది. పల్లె చివరి గుడిసె ఈరమ్మది. ఆమె మొగుడు ఎర్రన్న గొర్రెలు కాసేవాడు. దీపావళి కాగానే మందని తోలుకుని, మేత ఉన్న చోటు వెతుక్కుంటూ దిగువకి పోయేవాడు. మళ్లీ ఉగాదికి గాని మొహం చూపించేవాడు కాదు. చలికాలమంతా ఈరమ్మ ఒక్కతే. తోడు అంటే కంచెలో ఉన్న రేగుచెట్టు ఒకటే తోడు.

ఆమెకి ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. మొదటివాడు పది నెలలవాడు. రెండోది అప్పుడప్పుడే గోడ పట్టుకుని అడుగులేస్తోంది. ఇద్దర్నీ పుష్యమాసంలోనే చలిముసలి ఎత్తుకుపోయింది.

చలిముసలి అంటే చలే. ఆ రోజుల్లో చలి కావాలంటే గాలిలా తిరిగేది, కావాలంటే మనిషిలా నడిచేది. ఆమె చెడ్డదని నేననను. ఆమెకీ చలేసేది, పాపం. చలికే చలేస్తే ఎక్కడికి పోతుంది? పొయ్యి దగ్గర కూచుంటే పొయ్యి ఆరిపోయేది. కంబళి కప్పుకుంటే కంబళి గడ్డకట్టేది. అందుకని వెచ్చగా ఉన్న పసిపిల్లల్ని ఒళ్లో పెట్టుకునేది. కాసేపటికి ఆ పిల్లలు చల్లబడిపోయేవాళ్లు. అప్పుడు వాళ్లని భుజాన వేసుకుని గుట్ట దాటి పోయేది.

ఆమెకీ ఒక కట్టుబాటు ఉంది. మనుషుల బిడ్డల్నే ముట్టుకోవాలి. చెట్టు బిడ్డ జోలికి పోకూడదు. అందుకే ముట్టుకునే ముందు, ఈ బిడ్డ ఎవరిదని అడిగేది.

ఈరమ్మకి మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని సుంకమ్మ పిల్లకి నీళ్లు పోసి, తల్లి మొహం చూసింది. ఈరమ్మ బిడ్డని చేతుల్లోకి తీసుకోవడం లేదు. తీసుకుంటే మళ్లీ పోతుందని భయం. గోడవైపు తిరిగి పడుకుని, దీన్ని నాకు చూపించకు సుంకమ్మత్తా, అలవాటు పడతాను అంది.

పుట్టిన పిల్లలు దక్కకపోతే ఏం చేస్తారో మీకు తెలుసు కదా. బిడ్డని చేటలో వేసి, ఇంకొకరికి గుప్పెడు తవుడుకి అమ్మేస్తారు. తవుడుకి అమ్ముడుపోయిన పిల్లని ఎవరు లెక్కచేస్తారు? చావు కూడా వంగి చూడకుండా పోతుంది. తర్వాత కన్నతల్లే పెంచుకుంటుంది గాని, పేరుకి పరాయి బిడ్డ.

సుంకమ్మ చేటలో పిల్లని వేసుకుని ఊరంతా తిరిగింది. ఎవరూ కొనలేదు. కొంటే చలిముసలి మా గుమ్మంలోకి వస్తుందన్నారు. ఆడవాళ్లు తలుపు సందులోంచే మాట్లాడి తలుపేసుకున్నారు. వాళ్లనీ ఏమనను? వాళ్లకీ పిల్లలున్నారు. సుంకమ్మ తిరిగి తిరిగి కాళ్లు పీకుతుంటే రేగుచెట్టు కింద చేట దించి కూలబడింది.

చెట్టు చేటలోకి తొంగి చూసింది.

"నేను కొంటాను గాని, నా దగ్గర తవుడు లేదే," అంది.

"తవుడు నేనిస్తాలే, నీ పేరున," అంది సుంకమ్మ.

"నాకు చేతులు లేవు. ఎలా ఎత్తుకోను? ఎవరన్నా లాక్కుపోతే ఎలా పట్టుకోను?"

ఎత్తుకునేది, పెంచేది ఈరమ్మేనని, ఎవరి బిడ్డ అని అడిగినప్పుడు నాది అంటే చాలునని సుంకమ్మ నచ్చజెప్పింది. చెట్టు చాలాసేపు ఆలోచించి సరే అంది. సుంకమ్మ గుప్పెడు తవుడు తెచ్చి చెట్టు మొదట్లో పోసి, మళ్లీ అదే తవుడు ఎత్తి ఈరమ్మ కొంగులో వేసింది. బేరం అయిపోయింది. పిల్ల పేరు తవిటమ్మ.

ఈరమ్మకి సుంకమ్మ రెండు జాగ్రత్తలు చెప్పింది. మొదటిది, నోట నా బిడ్డ అనే మాట రాకూడదు. రెండోది, చలికాలం పొడుగునా పిల్ల రోజుకో రేగుపండు తినాలి. చలిముసలి అడిగి ఊరుకునే రకం కాదు, నోరు వాసన చూస్తుంది. రేగు వాసన వస్తే చెట్టు బిడ్డేనని నమ్ముతుంది.

"చేసేది ఎలాగూ చేస్తావు. ఆ నోరే జాగ్రత్త. కాలు జారితే తీసుకోవచ్చు గాని, నోరు జారితే తీసుకోలేం," అంది సుంకమ్మ. ఆ జాగ్రత్తల్లో అదే ఆఖరి మాట. మరుసటి ఏడు సుంకమ్మ కూడా పోయింది.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. చలేమో కార్తీక పున్నమికి మొదలై శివరాత్రి దాకా ఉంటుంది. నూరు రోజుల పైమాట. రేగుపళ్లేమో దీపావళికే అయిపోతాయి. ఎండబెడితే వాసన పోతోంది. ఉప్పులో వేస్తే ఉప్పు వాసనే వస్తోంది. చివరికి ఈరమ్మ బెల్లంపాకంలో వేసింది. ఆ పని ఎలా చేసేదో చెప్తాను, మధ్యలో నోరూరితే నాకు సంబంధం లేదు.

పళ్లు మరీ మగ్గకూడదు. దోరగా, చెక్కిలి ఎర్రబడ్డవి చూసి, తొడిమ ఊడకుండా ఒక్కొక్కటే కోసేది. కోసినప్పుడల్లా చెట్టు కొమ్మ వంచి ఇచ్చేది. వాటిని కడిగి, నీడన ఆరబెట్టి, తుమ్మముల్లుతో ప్రతి పండుకీ రెండు పోట్లు పొడిచేది. ముల్లు గింజకి తగలాలి. పొడవకపోతే పాకం లోపలికి పోదు. పైన తీపి, లోపల చప్పన. పైగా పండు ముడుచుకుపోతుంది. పొడిచేటప్పుడు ఆమె కళ్లు మూసుకునేది, పండుకి నొప్పేమో అని. అంత పిచ్చిది.

తర్వాత బెల్లం తీగపాకం పట్టి, కాస్త శొంఠి వేసి, పళ్లు అందులో వదిలేది. ఒక్క పొంగు రాగానే దించేసేది. ఆ రోజుకి అంతే. మరునాడు మళ్లీ ఒక పొంగు. మూడో నాడు ఇంకొకటి. గరిటె పెట్టి కలపకూడదు, పండు చితుకుతుంది. కుండనే రెండు చేతులా పట్టుకుని ఉయ్యాల ఊపినట్టు ఊపాలి. మూడు రోజులయ్యేసరికి పండు పండుగానే ఉండేది, తొడిమ తొడిమగానే ఉండేది, వెలుతురుకి పట్టి చూస్తే లోపలి గింజ కనిపించేది. అప్పుడు కుండ మూతికి గుడ్డ వాసెన కట్టి అటక మీద పెట్టేది.

మొదటి చలికాలం పండుని వేలితో చిదిపి పసిదాని పెదాలకి రాసింది. చలిముసలి గాలిలా వచ్చి గుడిసె చుట్టూ తిరిగింది.

ఎవరి బిడ్డ అని అడిగింది. నాది అంది చెట్టు. చలిముసలి పిల్ల నోరు వాసన చూసింది. రేగు వాసన. వెళ్లిపోయింది.

రెండో ఏడూ అంతే. మూడో ఏడూ అంతే. పిల్ల బతికింది. నడిచింది. మాటలొచ్చాయి. చెట్టుని అమ్మా అనేది. ఈరమ్మని అత్తా అనేది.

అలా పిలవమని నేర్పింది ఈరమ్మే. నేర్పిన నాడు పొయ్యి ముందు కూచుని, పొగ కళ్లలో పడిందని సాకు పెట్టి ఏడ్చింది. పాలిచ్చినన్నాళ్లూ, చెట్టు బిడ్డా తాగు అంటూనే ఇచ్చింది. పిల్ల పడి మోకాలు చెక్కుకుపోయినప్పుడు కూడా ఏడుస్తూ చెట్టు దగ్గరికే పరిగెత్తేది. ఈరమ్మ పసుపు పట్టుకుని వెనకాలే పోయేది. బిడ్డ కళ్లముందు ఉంది, చాలదా అని తనకి తనే చెప్పుకునేది. చాలేది కాదు. అయినా ఒక్కసారి కూడా నోరు జారలేదు.

నాలుగో చలికాలం మా చెడ్డగా వచ్చింది. ఊళ్లో పశువులు కొట్టంలో నిలబడ్డవి నిలబడ్డట్టే బిగుసుకుపోయాయి. కుండలో పైనున్న పళ్లు కొన్నిటికి బూజు పట్టింది. ఈరమ్మ వాటిని ఏరి పారేసి, మిగిలినవి రోజూ చేత్తో తడిమి చూసుకునేది. మాఘమాసం వచ్చేసరికి చెయ్యి కుండ అడుగుకి తగులుతోంది. తను ఒక్క పండు నోట్లో వేసుకోలేదు. వేలికంటిన పాకం కూడా పిల్లకే నాకించేది.

గడిచింది. ఒక్కొక్క రోజే గడిచింది. రేపు శివరాత్రి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ పొద్దున్న పిల్లకి పండు తినిపించాక కుండలో ఇంకా రెండున్నాయి. రేపటికి ఒకటి. పైన ఒకటి ఎక్కువే. నూరు రోజులుగా బిగబట్టిన ఊపిరి ఈరమ్మ అప్పుడు వదిలింది.

పొద్దు వాలే వేళ. ఎండ వెచ్చగా కాసింది. తవిటమ్మ ఎర్ర పరికిణీ కట్టుకుని వాకిట్లో మట్టితో పొయ్యి చేసి, మట్టి పళ్లు వండుతోంది. ఆ పరికిణీ ఈరమ్మ పాత చీర చింపి కుట్టింది. అప్పుడు కంచె అవతల ఒక ముసలామె వచ్చి నిలబడింది. ఒంటిమీద చింకి గుడ్డ. పగిలిన మడమలు. వణుకుతోంది. దూరం పోవాలి తల్లీ, నోట్లోకి ఏమన్నా ఉంటే పెట్టు అంది.

కావాలని వచ్చిందో, నిజంగానే ఆకలేసి వచ్చిందో నేను చెప్పలేను. ఈరమ్మ మాత్రం పోల్చుకోలేదు. నాలుగేళ్లూ గాలిగానే వచ్చింది కదా. పైగా ఎండ కాస్తోంది. రేపు శివరాత్రి. ముసలామెని చూస్తే సుంకమ్మ గుర్తొచ్చింది. ఎక్కువగా ఉన్న ఆ ఒక్క పండూ ఆకులో వేసి, రెండు చుక్కల పాకం పోసి ఇచ్చింది.

ముసలామె పండు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. గింజ దాకా చప్పరించింది. ఇంత రుచి నేను పుట్టి ఎరగను, ఎవరు చేశారమ్మా అంది.

ఈరమ్మ నాలుగేళ్లుగా ఆ పని చేస్తోంది. బాగుందని ఎవరూ అనలేదు. ఎలా చేశావని ఎవరూ అడగలేదు. మొగుడు దిగువన ఉన్నాడు, సుంకమ్మ కాటికి పోయింది. ఎవరంటారు? ఆమె మొహం వెలిగింది. నేనే చేశానంది. తొడిమతో కోయడం, తుమ్మముల్లుతో పొడవడం, మూడు పొంగులు, కుండని ఊపడం, అన్నీ చెప్పుకొచ్చింది. ముసలామె ఊఁ కొడుతూ విన్నది.

కంచెలో రేగుచెట్టుకి భయం వేసింది. కొమ్మలు ఊపింది. ఎండుటాకులు రాల్చింది. ఈరమ్మ చూడలేదు.

"ఇంత ఓపిగ్గా ఎవరికోసం చేశావు తల్లీ?" అని అడిగింది ముసలామె.

"ఇంకెవరికోసం? నా బిడ్డకోసం."

అంతే. ఏ తల్లయినా అదే అంటుంది. మీ అమ్మయినా అదే అంటుంది. అన్న మాట అన్నాక ఈరమ్మ చెయ్యి తనంతట తనే నోటిమీదకి పోయింది. ఎండ అలాగే ఉంది గాని వెచ్చదనం పోయింది. ముసలామె లేచి నిలబడింది. జుట్టు తెల్లగా గాలికి రేగింది.

"నాలుగేళ్లు నన్ను నమ్మించారు," అంది చలిముసలి. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

ఈరమ్మ కాళ్లమీద పడింది. నాది కాదు, చెట్టుది, తవుడుకి అమ్మేశాను అని మొత్తుకుంది. రేగుచెట్టు, నా బిడ్డే, నా బిడ్డే అంది. చలిముసలి ఇద్దరి మాటా విన్నది. కానీ ఇప్పుడు పిల్ల నోరు వాసన చూడలేదు. కన్నతల్లి నోటితో విన్నాక ఇంక వాసనతో పనేముంది? ఆమె వాకిట్లోకి వంగి తవిటమ్మని ఎత్తుకుంది.

పిల్ల భయపడలేదు. చలిముసలి నోటినుంచి రేగు వాసన వస్తోంది కదా. అమ్మ వాసన. మెడచుట్టూ చేతులు వేసింది. వేశాక గాని ఆ మెడ ఎంత చల్లగా ఉందో తెలియలేదు.

"అమ్మా," అని ఏడ్చింది.

ఈరమ్మ పలికింది. చెట్టూ పలికింది.

చలిముసలి గుట్టవైపు నడిచింది. పోవాలంటే కంచె దాటాలి. కంచె దాటాలంటే రేగుచెట్టు కిందనుంచే పోవాలి. ఈరమ్మ లేవబోయింది గాని చలికి కాళ్లు బిగుసుకుపోయాయి.

"పట్టుకో," అని చెట్టుకేసి అరిచింది. "నీ బిడ్డని పట్టుకో తల్లీ."

చెట్టు ఉన్న కొమ్మలన్నీ వంచింది. నున్నటి కొమ్మలు, దేన్ని పట్టుకుంటాయి? పరికిణీ మీదనుంచి జారిపోయాయి. చలిముసలి మెడమీదనుంచి జారిపోయాయి. పిల్ల అప్పటికే ఏడుపు ఆపేసింది. అప్పుడు చెట్టుకి లోపలినుంచి ఏదో పొడుచుకొచ్చింది. పండుని తుమ్మముల్లు గింజదాకా పొడిచినట్టే, కాకపోతే లోపలినుంచి బయటికి. ప్రతి ఆకు మొదటా రెండేసి ముళ్లు లేచాయి. ఒకటి నిటారుగా, చలిముసలిని పొడవడానికి. ఒకటి వంకరగా, బిడ్డని పట్టుకోవడానికి.

నిటారు ముల్లు చలిముసలి భుజంలో దిగింది. ఆమె అమ్మో అనలేదు. చలికి నొప్పి తెలియదు. వంకర ముల్లు పరికిణీ అంచుని పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. కానీ గుడ్డ పాతది. చలిముసలి ముందుకి లాగింది.

గుడ్డ చిరిగింది.

చలిముసలి గుట్ట దాటి పోయింది. మరునాడు శివరాత్రి. అందరూ చలి పోయిందన్నారు.

రేగుముల్లుకి బెత్తెడు ఎర్రగుడ్డ వేలాడుతూ ఉండిపోయింది. ఈరమ్మ దాన్ని తియ్యలేదు. కుండలో మిగిలిన ఆఖరి పండుని తీసుకెళ్లి చెట్టు మొదట్లో పెట్టింది. నేను నోరు జారాను అంది ఈరమ్మ. నాకు చేతులు ఆలస్యంగా వచ్చాయి అంది చెట్టు. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. అందులో ఓదార్చడానికి ఏమీ లేదు.

ఉగాదికి ఎర్రన్న వచ్చాడు. వాకిట్లో మట్టిపొయ్యి అలాగే ఉంది. అడక్కుండానే అతనికి తెలిసిపోయింది. ఆ తర్వాత ఈరమ్మ పాకం పట్టలేదు. కుండ బోర్లించేసింది. మళ్లీ దసరా వచ్చింది, దీపావళి వెళ్లింది. రేగుచెట్టు పళ్లని పండనివ్వలేదు, రాలనివ్వలేదు. పచ్చికాయలుగానే బిగబట్టి ఉంచింది. చలి మొదలయ్యాక అప్పుడు పండించింది. ఇంక ఏ తల్లీ పొయ్యి ముందు కూచుని దాచిపెట్టక్కర్లేదు, ఎవరికోసం చేశావంటే చెప్పక్కర్లేదు అనుకుంది.

అప్పటినుంచే రేగుపళ్లు చలికాలంలో పండుతున్నాయి. అప్పటినుంచే రేగుచెట్టుకి ఆకు ఆకుకీ రెండు ముళ్లు, ఒకటి నిటారుది, ఒకటి వంకరది. దగ్గరికెళ్లి చూడండి, నా మాట నమ్మకపోతే.

ఆ పక్కనుంచి పోతుంటే అది మీ బట్ట పట్టుకుంటుంది. తిట్టకండి. ముందుకి లాక్కోకండి, చలిముసలిలాగా. లాగితే చిరుగుతుంది. నిలబడి, ఒక్క అడుగు వెనక్కి వెయ్యండి. అది మీ మొహం చూసుకుంటుంది. తవిటమ్మ కాదని తెలిశాక దానంతట అదే వదిలేస్తుంది.